కొల్లేటి గట్టు నుండి కెన్యా కొండకు

మా తమ్ముని కుమార్తె తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు చదువుతున్నది. దూరపు పరుగంటే ఆమెకు ప్రాణం. సెలవులకు ఏలూరు వచ్చినప్పుడెల్లా తెల్లవారకముందే లేచి, కొల్లేటి వైపు చేపల చెరువుల గట్లపై పది కిలోమీటర్లు పరుగెత్తి వస్తుంది. గత సంవత్సరం ఒకనాడు, "పెదనాన్నా! వేసవిలో రెండు నెలలు కెన్యా వెళతాను. ఉదయం పరుగు, పగలు అక్కడి బడిలో పిల్లలకు లెక్కలు చెప్పడం" అన్నది. ఇంటిల్లిపాదీ నా వైపు చూశారు. పథ్యాలు, కషాయాలు చెప్పే పెద్దవాడిని గదా!

ఆమె వెళ్ళదలచిన ఇటెన్ అనే ఊరు సముద్రమట్టానికి దాదాపు 2,400 మీటర్ల ఎత్తున ఉన్నది. మన ఏలూరు, తాడేపల్లిగూడెం యాభై మీటర్లకు లోపే. 1976లో కోల్మ్ ఓకానెల్ అనే ఐర్లండు దేశీయుడు ఇటెన్‌లోని సెయింట్ పాట్రిక్స్ ఉన్నత పాఠశాలకు భూగోళం బోధించడానికి వచ్చి, పరుగు శిక్షకుడై అక్కడే స్థిరపడ్డాడు. 2012 లండన్ ఒలింపిక్సులో 800 మీటర్లను 1 నిమిషం 40.91 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పిన డేవిడ్ రుడిషా ఆయన శిష్యుడే. పాఠం చెప్పబోయి పరుగు నేర్పినవాని ఊరికి, పరుగు కోసం పోయి పాఠం చెబుతానంటున్నది మా పిల్ల. నాకు ముచ్చట వేసింది.

ఎత్తుకు పోయిన కొద్దీ గాలి పలుచబడి, శరీరానికి అందే ప్రాణవాయువు తగ్గుతుంది. అప్పుడు మూత్రపిండాలు ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోనును అధికంగా విడుదల చేసి, ఎర్రకణాలను పెంచమని ఎముకల మజ్జను ప్రేరేపిస్తాయి. కొండమీద సాధన చేయడంలోని కిటుకు ఇదే. అయితే ఆ కణాల తయారీకి ఇనుము కావాలి. మన రాష్ట్రంలో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉన్నదని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపింది.

ఇక్కడ నా పొరపాటు చెప్పక తప్పదు. పిల్ల కనురెప్పల లోపలి భాగం పాలిపోయి ఉండడం చూశాను. ఆయుర్వేదం పాండురోగమన్నది గుర్తుకు వచ్చింది. నువ్వుల చిమ్మిలి, మునగాకు కూర, రాగిజావ, ఉసిరిక పెట్టించి, "అదే సర్దుకుంటుంది" అన్నాను. నెలన్నర గడిచినా రక్తపరీక్ష చేయించలేదు. చివరకు చేయిస్తే హిమోగ్లోబిన్ 9.6! ఇనుము నిల్వలూ అడుగంటాయి. డాక్టరు గారు మాత్రలు వ్రాసి, ఆ వేసవికి ప్రయాణం వద్దన్నారు. పిల్ల రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే న్యాయం.

చిమ్మిలి, మునగాకు మంచి ఆహారమే. ఆకుకూరపై నిమ్మరసం పిండితే ఇనుము బాగా వంటబడుతుంది. భోజనం కాగానే కాఫీ, టీలు త్రాగితే ఆ మేలు తగ్గుతుంది, గంట ఆగాలి. కానీ తగ్గిన రక్తాన్ని వంటిల్లు ఒక్కటే నింపలేదు. లోహభస్మాలు, మండూరాలు వైద్యుని సలహా లేకుండా వాడరాదు.

చరకుడు కొత్త అలవాటును పాదాంశ క్రమంలో, అనగా కొద్దికొద్దిగా, చేసుకోమన్నాడు. వ్యాయామాన్ని అర్ధశక్తితో ఆపమన్నవి మన వైద్య గ్రంథాలు. పందెగాళ్ళకు ఈ రెండవ నియమం పూర్తిగా పొసగదు. కొండమీద మొదటి వారం మాత్రం అక్షరాలా పాటించాలి. మనది నీరు నిండిన ఆనూప దేశం, అక్కడిది పలుచని చల్లగాలి. తలనొప్పి, వాంతులు, నిద్రలేమి కనిపిస్తే పరుగు ఆపాలి, తగ్గకపోతే క్రిందికి దిగాలి. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోవడం మరువరాదు.

ఈ వేసవిలో, హిమోగ్లోబిన్ 12.8కి చేరాక, వెళ్ళింది. మొదటి వారం నడక మాత్రమేనట. బడికి పరుగున పోయే పిల్లలు ఆమెను దాటిపోయి, వెనుదిరిగి నవ్వేవారట. మొక్కజొన్న పిండితో చేసే ఉగాలి ముద్ద, సుకుమా ఆకుకూర మన సంకటి, తోటకూరలను తలపించాయన్నది. "నిమ్మకాయ పిండుకుంటున్నావా?" అని ఫోనులో అడిగాను. "టీ కూడా గంట ఆగే త్రాగుతున్నాను పెదనాన్నా" అన్నది.