పాతదైతే చాలదు, పనితనం ఉండాలి

అమెరికా పాత తుపాకుల మార్కెట్‌లో 1964 ఒక విభజన రేఖ. 1936లో వచ్చిన వించెస్టర్ మోడల్ 70 వేట రైఫిల్‌ను ఖర్చు తగ్గించుకోవడానికి కంపెనీ ఆ ఏడాది మార్చేసింది. మ్యాగజైన్ నుంచి తూటా పైకి రాగానే ఒడిసిపట్టే మౌజర్ తరహా కొక్కెం పోయింది. కర్ర మీద చెక్కిన గళ్లకు బదులు అచ్చు గుద్దిన గళ్లు వచ్చాయి. వేటగాళ్లు మొహం తిప్పుకున్నారు, పాతవాటికి గిరాకీ పెరిగింది.

అయితే 1964కు ముందువన్నీ మేలిరకం కావు. 1960 తర్వాతి వాటిలో పనితనం సడలిందని కలెక్టర్లే ఒప్పుకుంటారు: నునుపు తక్కువ, కర్రకూ లోహానికీ బిగింపు అంతంతే. అయినా 'పాత రకం' అనే పేరుకే డబ్బు పోసేవారున్నారు. తెలిసినవారు మాత్రం సీరియల్ నంబరుతో మొదలుపెడతారు. అది 7,00,000 దాటితే కొత్త రకమే. తర్వాత టెలిస్కోపు కోసం అదనపు రంధ్రాలు వేశారా, మడమ దగ్గర కర్ర కోసి రబ్బరు మెత్త బిగించారా అని వెతుకుతారు. నీలి పూత మళ్లీ వేయిస్తే రైఫిల్ తళతళలాడుతుంది, ధర పడిపోతుంది.

గురిలో కొత్త రకమేమీ తీసిపోదు. వేటకే అయితే అదే చవక బేరం. 1990ల్లో ఆ కొక్కేన్ని కంపెనీయే తిరిగి తెచ్చింది. న్యూ హేవెన్ ఫ్యాక్టరీ 2006లో మూతపడింది. 'ఆఖరి బ్యాచ్' అని అమ్మజూపే రైఫిల్‌కైనా ముందు చూడాల్సింది కర్ర బిగింపే.