అటకమీది తుపాకి

గుడివాడ దగ్గర పల్లెలో మా బావగారింట అటకమీద ఒక తుపాకి ఉంది. ఏటా ఆయుధపూజకు దాన్ని దించి, చింతపండుతో ఇత్తడి తోమి, పసుపు కుంకుమ పెట్టి, మళ్ళీ పైకెక్కిస్తారు. అది అల్లూరి సీతారామరాజు దళంవారి రైఫిలని ఆ యింటి నమ్మకం. నిరుడు దసరాకు ఒక పాతసామాను వర్తకుడు ఈ కథ విని లక్షల్లో బేరం పెట్టాడట. కూతురి పెళ్ళి తలపెట్టిన బావగారు వెంటనే నన్ను రప్పించారు.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి తుపాకులేమిటంటారా? తాళపత్రంలో లిపి చూసి కాలం కట్టేవాడికి ఇనుముమీది లిపి మాత్రం కాదా!

మొదట చూడవలసింది లోపల మందు ఉందా అని. నూరేళ్ళనాటి మందైనా నిప్పు తగిలితే పేలవచ్చు. గొట్టంలోకి ఇనపగజాన్ని దింపి, ఎంత దిగిందో గుర్తు పెట్టుకుని, బయట గొట్టం పక్కన ఆనించి చూడాలి. అడుగుదాకా పోకపోతే లోపల ఏదో ఉన్నట్లే. ఇక దాన్ని తెలిసినవాళ్ళకు అప్పగించవలసిందే. మాది ఖాళీగానే ఉంది.

మీటకు పైన, పక్కనున్న ఇనపరేకుమీద కిరీటం, వి.ఆర్. అక్షరాలు, ‘టవర్’ అనే మాట, 1859 అనే అంకె మసగ్గా కనిపించాయి. విక్టోరియా రాణి ముద్ర అది. ఈస్టిండియా కంపెనీవారిదైతే సింహం ఉండేది. మందు, గుండు మూతినుంచి కూరి, రాగిటోపీ పెట్టి పేల్చే రకం. చూపుకు 1853 నమూనా ఎన్‌ఫీల్డు రైఫిలే.

కాని టార్చి వేసి గొట్టంలో చూస్తే నున్నగా ఉంది. రైఫిలుకు ప్రాణం లోపలి మెలిచాళ్ళు; ఎన్‌ఫీల్డుకు మూడుంటాయి. గుండును గిరగిర తిప్పి దూరం పంపేవి అవే. 1857లో సిపాయిలు తిరగబడ్డాక తెల్లదొరలు దేశీయ సైనికులకు ఆ దూరపు గురి దక్కనివ్వదలచలేదు. చాళ్ళు తీసివేసి, 0.577 అంగుళాల గొట్టాన్ని 0.656కు వెడల్పు చేయించారు. పిదప మొదటినుంచే నున్నగా చేయించారు. వెనక గురి చూసే నిచ్చెనరేకు తీసి చిన్న దిమ్మ పెట్టారు. మా బావగారి తుపాకికి ఆ దిమ్మే ఉంది. రైఫిలు వేషం వేసిన మస్కెట్టన్నమాట!

మరి అల్లూరి? 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలనుంచి ఆయన దళం తీసుకుపోయినవి 26 తుపాకులు, వాటితో వేలకొద్దీ తూటాలు. అవి పోలీసుల తూటా తుపాకులు. మూతినుంచి కూరే ఈ రకం పోలీసుల చేతినుంచి ఏనాడో పోయింది. ఆ మాట చెబితే బావగారు చాలాసేపు పలకలేదు.

అపురూపమా అంటే, ఎన్‌ఫీల్డులు లక్షల్లో తయారైనవి. విలువ తేల్చేది గుర్తులే. మడమకున్న ఇత్తడిరేకుమీద పటాలం పేరు, నంబరు చెక్కి ఉండవచ్చు. అది దొరికితే తుపాకి ఎవరి చేతిలో తిరిగిందో తెలిసేది. కాని మూడు తరాల చింతపండు దాన్ని అద్దంలా నున్నగా అరగదీసింది!

1959 నాటి ఆయుధచట్టం, బాగుచేసినా తుపాకిగా పనికిరాని పాతకాలపు ఆయుధాలకు మినహాయింపు ఇస్తుంది. కాని అది మన తుపాకికి వర్తిస్తుందని మనమే తీర్పు చెప్పుకుంటే కుదరదు. నూరేళ్ళు దాటిన వస్తువును దేశం దాటించి అమ్ముకోవడానికి 1972 చట్టం ఒప్పదు. వర్తకుడికి కబురు పంపడం మాని, బావగారు ఠాణాకు అర్జీ రాయడానికి కూర్చున్నారు.

అక్కయ్య ఇవతలికి వచ్చి, “ఒరే తమ్ముడూ, వచ్చే దసరాకు దీన్ని తోమమంటావా, వద్దంటావా?” అంది.