స్మార్ట్ థర్మోస్టాట్ కొనే ముందు బాయిలర్‌లో ఈ ఒక్క సెట్టింగ్ చూడండి!

హైదరాబాద్‌లో ఉన్నప్పుడు నాకు తెలిసింది గీజర్ ఒక్కటే. పది నిమిషాలు స్విచ్ వేస్తే పనైపోయేది. ఇంగ్లండ్ వచ్చాక మొదటి చలికాలం గ్యాస్ బిల్లు చూసి కళ్ళు తిరిగాయి. వెంటనే మనలాంటి గాడ్జెట్ పిచ్చోళ్ళకి వచ్చే ఆలోచనే వచ్చింది: స్మార్ట్ థర్మోస్టాట్ కొనేద్దాం! కార్ట్‌లో కూడా వేశా. ఈలోపు బాయిలర్ మాన్యువల్ తిరగేస్తే అసలు సంగతి బయటపడింది.

ఇక్కడ బాయిలర్ కాచిన నీళ్ళని పంపు ప్రతి గదిలోని రేడియేటర్‌కి తిప్పుతుంది. వేడి గదికి ఇచ్చేసి ఆ నీళ్ళు మళ్ళీ బాయిలర్‌కే వస్తాయి. 2005 తర్వాత ఇక్కడ పెట్టిన గ్యాస్ బాయిలర్లు దాదాపు అన్నీ కండెన్సింగ్ రకమే. అంటే పొగలో పోయే నీటి ఆవిరిని చల్లబరిచి, ఆ వేడిని కూడా వాడుకుంటాయి. కానీ తిరిగొచ్చే నీళ్ళు సుమారు 55 డిగ్రీల కంటే తక్కువ ఉంటేనే ఇది జరుగుతుంది. మా బాయిలర్‌లో ఫ్లో టెంపరేచర్ 75! ఉన్న ఫీచర్ ఆఫ్‌లో పెట్టుకున్నట్టే.

దాన్ని 55కి దించా. గది వేడెక్కడానికి కాస్త ఎక్కువ టైమ్ పడుతోంది కానీ, 20 డిగ్రీలకి చేరుతోంది. గడ్డకట్టే చలి రోజుల్లో మాత్రం 60కి పెంచుతా. ల్యాప్‌టాప్‌ని అండర్‌వోల్ట్ చేయడం లాంటిదే అనుకోండి.

ఇక పంపు. పాత ఇళ్ళలో విడిగా ఉండే మూడు స్పీడ్ల పంపు 80 వాట్లు లాగుతుందనుకుందాం. రోజుకి 10 గంటలు, 180 రోజులు తిరిగితే 144 యూనిట్లు. లోడ్‌ని బట్టి స్పీడ్ తగ్గించుకునే కొత్త పంపు 10 వాట్లతో నడిస్తే 18 యూనిట్లే. పంపు మార్చే వీల్లేకపోతే స్పీడ్ ఒక మెట్టు తగ్గించి చూడండి. చివరి రేడియేటర్ కూడా వేడెక్కుతుంటే చాలు.

రెండు జాగ్రత్తలు. వేడినీళ్ళ ట్యాంక్ ఉన్న ఇంట్లో ట్యాంక్ నీళ్ళు 60 డిగ్రీలకి తగ్గకూడదు, లెజియొనెల్లా బాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది. బాయిలర్ మూత మాత్రం మీరు తీయొద్దు, అది గ్యాస్ సేఫ్ రిజిస్టర్డ్ ఇంజనీర్ పని.

థర్మోస్టాట్ ఇంకా నా కార్ట్‌లోనే ఉంది. ముందు ఫ్రీగా దొరికేది వాడేద్దాం!