నెట్టుకు అవతల ఉన్నోడు పగోడు కాదు

క్రైస్ట్‌చర్చ్: సానియా మీర్జా, మార్టినా హింగిస్ జోడీ గుర్తుంది కదా! 2015లో వింబుల్డన్ డబుల్స్ కప్పు కలిసి ఎత్తారు. 2016 ఆగస్టులో విడిపోయారు. అదే నెలలో సిన్సినాటి ఫైనల్లో ఎదురెదురు నిలబడ్డారు, సానియా జోడీ గెలిచింది. ఆ ఏడాది చివర్లో సింగపూర్‌లో మళ్లీ కలిసే ఆడారు. మన హైదరాబాద్ అమ్మాయి కథలాంటిదే వందేళ్ల కిందట ఈ ఊరి కుర్రాడి విషయంలోనూ జరిగింది.

ఇక్కడ వైల్డింగ్ పార్క్ అని టెన్నిస్ కోర్టులున్నాయి. పనికి పోతూ రోజూ ఆ బోర్డు చూసేవాణ్ని. ఎవరీ వైల్డింగ్ అని సైట్లో ఓ పెద్దాయన్ని అడిగితే, "అతని తర్వాత మా దేశంలో వింబుల్డన్ సింగిల్స్ గెలిచిన మగాడే లేడు" అన్నాడు. నిజమే. 1983లో క్రిస్ లూయిస్ ఫైనల్ దాకా వెళ్లి మెకన్రో చేతిలో ఓడిపోయాడు.

ఆంథోనీ వైల్డింగ్ 1883లో ఇక్కడే పుట్టాడు. కేంబ్రిడ్జిలో లా చదివాడు. మోటార్ సైకిలంటే పిచ్చి. 1910 నుంచి 1913 దాకా వరుసగా నాలుగుసార్లు వింబుల్డన్ గెలిచాడు. అప్పట్లో పాత చాంపియన్‌కి ఒక్క మ్యాచే. మిగతావాళ్లంతా ఆడి, గెలిచినోడు చివర్లో చాంపియన్‌తో తలపడాలి. 1913లో అలా వచ్చిన అమెరికా వీరుడు మెక్‌లాఫ్లిన్ సర్వీసు గురించి అందరూ భయపెట్టారు. వైల్డింగ్ మూడు సెట్లలోనే ముగించాడు.

అసలు పోటీ మాత్రం మెల్‌బోర్న్ ఎడంచేతి వాటం నార్మన్ బ్రూక్స్‌తో. ఆయన వయసులో ఆరేళ్లు పెద్ద. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిపి ఆస్ట్రలేషియా పేరుతో ఒకే జట్టుగా ఆడే రోజులవి. ఇద్దరూ కలిసి 1907, 1908, 1909లలో డేవిస్ కప్ గెలిచారు.

1914లో ఐదో టైటిల్‌కి అడ్డొచ్చింది ఆ బ్రూక్సే. 6-4, 6-4, 7-5తో వైల్డింగ్‌ని ఓడించాడు. మరి మొహం చాటేశాడా? లేదు. అదే వింబుల్డన్‌లో ఇద్దరూ కలిసి డబుల్స్ గెలిచారు! నెల తిరక్కుండానే అమెరికా వెళ్లి, పిట్స్‌బర్గ్‌లో జర్మనీపై ఆడారు. మ్యాచ్‌లు జరుగుతుండగానే యూరప్‌లో యుద్ధం మొదలైంది. ఇంటికి బయల్దేరిన జర్మన్ ఆటగాళ్లను బ్రిటిషువాళ్లు ఓడ మీదే పట్టుకుని ఖైదు చేశారు. న్యూయార్క్‌లో అమెరికాను 3-2తో ఓడించి బ్రూక్స్, వైల్డింగ్ కప్పు తెచ్చారు. అదే వాళ్ల చివరి కప్పు. సైన్యంలో చేరిన వైల్డింగ్ 1915 మే 9న ఫ్రాన్స్‌లో ఫిరంగి గుండుకి బలైపోయాడు. వయసు 31. బ్రూక్స్ 1968 దాకా బతికాడు. ఆస్ట్రేలియన్ ఓపెన్లో మగవాళ్లకిచ్చే కప్పు ఆయన పేరు మీదే ఉంది.

ఇదంతా చదివాక నాకు వేరే మనిషి గుర్తొచ్చాడు. డిప్లొమాలో నా క్లాస్‌మేట్. ఇక్కడ ఒకే రూమ్‌లో ఉన్నాం, ఒకే కుక్కర్లో వండుకున్నాం. ఒక్క సూపర్‌వైజర్ పోస్టుకి ఇద్దరం పెట్టుకున్నాం. నాకొచ్చింది. వాడు ఆక్లండ్ వెళ్లిపోయాడు. రెండేళ్లు మాటల్లేవు. తప్పు వాడిదే అనుకుంటూ వచ్చా. కానీ గెలిచినోణ్ని నేను, ముందు పలకరించాల్సింది నేనే కదా!

పోయిన ఆదివారం ఫోన్ చేశా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "తిన్నవారా?" అన్నాడు.

మీ ఫోన్లోనూ అలాంటి నంబరు ఒకటి ఉంటే ఆలస్యం చెయ్యకండి. కోర్టు బయట అంతా మనోళ్లే!