రేడియం లేని రేడియం షాపు

ఆటోనగర్ గేటు దాటి నాలుగు వీధులు తిరిగితే, లారీ బాడీలు కట్టే షెడ్ల మధ్య, టైర్ల కొట్ల పక్కన ‘రేడియం వర్క్స్’ అన్న బోర్డులు ఎదురవుతాయి. ఆ షాపుల్లో అన్నీ ఉంటాయి గానీ రేడియం మాత్రం ఉండదు. ఉండకపోవడమే మన అదృష్టం. 1898లో మేరీ, పియరీ క్యూరీలు కనుగొన్న ఆ లోహాన్ని ఒకప్పుడు వాచీ ముళ్లకి పూసే రంగులో కలిపేవారు. చీకట్లో తనంతట తానే వెలిగేది. అమెరికాలో ఆ రంగు పూసిన అమ్మాయిల్లో ఎందరికో 1920ల్లో దవడ ఎముకలు పుచ్చిపోయాయి, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. మన నంబరు ప్లేటు మెరుపు ఆ జాతిది కాదు. షీటులో ఒదిగిన సన్నటి గాజు పూసలు హెడ్‌లైటు వెలుగును వచ్చిన దారినే వెనక్కి పంపుతాయి, అంతే. లైటు ఆర్పితే అదీ చీకటే. మెరిసేదాన్ని రేడియం అనడం అలవాటయ్యాక, అసలు మెరవని స్టిక్కర్‌కి కూడా మనవాళ్లు అదే పేరు ఖాయం చేసేశారు.

చిత్రం ఏమిటంటే, ఆ స్టిక్కర్‌కి మూలపురుషుడు పుట్టింది కూడా 1898లోనే. పేరు వాల్డో సెమన్. బి.ఎఫ్. గుడ్రిచ్ అనే అమెరికా రబ్బరు కంపెనీలో కెమిస్టు. రబ్బరును లోహానికి అంటించే జిగురు దొరుకుతుందేమోనని 1926లో పీవీసీని ద్రావకంలో వేసి కాచాడు. అప్పటికి పీవీసీ అంటే పెళుసుగా విరిగే, ఎందుకూ కొరగాని సరుకు. అతను కోరుకున్న జిగురు రాలేదు. వంగే, సాగే ముద్ద ఒకటి వచ్చింది. మనం వినైల్ అనేది దాన్నే. జిగురు కోసం వెతుకుతుంటే దొరికిన ఆ సరుకు ఏదైనా గోడకి అంటుకోవాలంటే మళ్లీ వేరే జిగురు కావాలి. వెనక కాగితం ఒలిచి అంటించే లేబుళ్లను స్టాంటన్ ఎవరీ 1935లో లాస్ ఏంజిలిస్‌లో మొదలుపెట్టాడు. పెట్టుబడి కాబోయే భార్య దగ్గర తీసుకున్న అప్పు. 

స్టిక్కర్ రాకముందు లారీ మీద రాతంతా కుంచెదే. కేబిన్ నొసట అమ్మవారి పేరు, వెనక ‘సౌండ్ హారన్’, తలుపు మీద ఓనరు ఊరు, అన్నీ ఎనామిల్ పెయింటుతో చేత్తో రాసినవే. కుంచెకి ఎసరు పెట్టిన మిషను వెనక ఉన్న పేరు జోసెఫ్ గెర్బర్. నాజీల చేతుల్లోంచి తప్పించుకుని 1940లో వియన్నా నుంచి అమెరికా చేరిన కుర్రాడు. కాలేజీలో ఉండగా పైజామా ఎలాస్టిక్ మీద గీతలు గీసి, సాగే స్కేలు ఒకటి చేశాడు. ఆ స్కేలుతో మొదలైన అతని కంపెనీయే 1980ల తొలినాళ్లలో, కంప్యూటర్ చెప్పినట్టు వినైల్‌ని అక్షరాలుగా కోసే ‘సైన్‌మేకర్’ను తెచ్చింది. ఇప్పుడు రేడియం షాపుల్లో కిర్రుకిర్రుమనే కట్టర్లన్నీ ఆ వంశమే.

ఈ కథలో మిషను పాత్ర అక్షరం కోసేదాకానే. చుట్టూ ఉన్న వ్యర్థం ఒలిచేదీ, అక్షరాలను వరస చెదరకుండా ఎత్తి బండి మీదికి చేర్చే ట్రాన్స్‌ఫర్ టేపు పైన వేసేదీ చెయ్యే. బండి మీద అతికించే పనీ ఇప్పటికీ చేతిదే. అక్కడే వస్తుంది పాత తగాదా: నీళ్లు కొట్టి వెయ్యాలా, పొడిగా వెయ్యాలా?

స్టిక్కర్ వెనక ఉండేది ఎన్నటికీ ఎండని జిగురు. తేనెలా కాస్త పారుతుంది, రబ్బరులా కాస్త ఎదురు తిరుగుతుంది. నొక్కగానే పెయింటు మీది కంటికి కనిపించని గుంటల్లోకి పారి, అణువుకి అణువు తగిలేంత దగ్గరవుతుంది. పట్టు అంటే ఆ దగ్గరితనమే. అందుకే వేసిన నిమిషంలో ఉన్న పట్టు వేరు, ఒకటి రెండు రోజులు పోయాక వచ్చే పట్టు వేరు. నీళ్లు కొడితే జిగురుకీ బండికీ మధ్య ఒక పొర అడ్డుపడి ఆ కలయిక కాసేపు వాయిదా పడుతుంది. ఉత్త నీళ్లు బొట్లుబొట్లుగా ముడుచుకుంటాయి. రెండు చుక్కలు షాంపూ పడితే తలతన్యత తగ్గి పలచగా పరుచుకుంటాయి. అప్పుడు స్టిక్కర్ని అటూ ఇటూ జరపొచ్చు, వంకర సరిచేయొచ్చు. కుదిరాక స్క్వీజీ అనే చేతిబద్దతో మధ్యలోంచి అంచులకి లాగి నీళ్లు బయటికి తోసెయ్యాలి.

నేను దీన్ని అప్పు అంటాను. తడి పద్ధతిలో టైము అప్పు తెచ్చుకుంటున్నాం. స్టాంటన్ ఎవరీ చేసిన అప్పులాగే ఇదీ తీరితే మంచిదే. తీర్చే దారి ఉందో లేదో ముందు చూసుకోవాలి. అద్దం మీద పెద్ద స్టిక్కర్ అయితే దారి ఉంది: నున్నటి తలం, నీళ్లు అంచుదాకా జారిపోతాయి. కారు అద్దాలకి సన్ ఫిల్మ్ ఎప్పుడూ తడిగానే వేసేవారు, నాలుగు రోజులు అద్దం దించొద్దని చెప్పి మరీ పంపేవారు. (2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ ఫిల్ములు వద్దన్నాక, వేసిన చేతులే వాటిని గీకాల్సి వచ్చింది.) అదే లారీ బాడీ అయితే రేకు గాడులు, రివెట్ల తలలు. వాటి చుట్టూ చిక్కిన నీటికి బయటికి పోయే దారి ఉండదు. ఎండెక్కితే అది ఉబ్బుతుంది, స్టిక్కర్‌ని పైకి తోస్తుంది. వెనక జిగురులోనే గాలి పోవడానికి సన్నటి కాలవలు పెట్టిన కొత్త రకం ఫిల్ములు కూడా ఉన్నాయి. వాటికి నీళ్లు కొడితే ఆ కాలవలు పూడిపోతాయి. డబ్బులు పెట్టి కొన్న సుఖాన్ని చేజేతులా పాడుచేసుకోవడమే.

పొడిగా వేసేవాడికి అప్పు లేదు, క్షమాపణా లేదు. ఆ సంగతి నాకు మా ఇంటి అద్దాల బీరువా నేర్పింది. దానికి స్టిక్కర్ మధ్యాహ్నం పూట, పొడిగా, ఒక్కణ్ణే వేశాను. ఎడమ మూల తగిలింది, అక్కడే కరుచుకుంది. పీకబోతే సాగింది. ఆ వంకర ఇప్పటికీ అలాగే ఉంది. చెయ్యి తిరిగిన మేస్త్రీ నాలా వెయ్యడు. ముందు స్టిక్కర్ని కొలతకి పెట్టి, నడుమ మాస్కింగ్ టేపు అడ్డంగా వేస్తాడు. అది తలుపు బందులా పనిచేస్తుంది. ఒక సగం ఎత్తి, వెనక కాగితం చించి, స్క్వీజీతో నొక్కుకుంటూ పోతాడు. తర్వాత టేపు తీసి రెండో సగం.

ఒకసారి ఓ మేస్త్రీ ‘శ్రీ ధనలక్ష్మి ట్రాన్స్‌పోర్ట్’ వేస్తుంటే పక్కన నిలబడ్డాను. “నీళ్లు కొట్టరా?” అని అడిగాను.

“ఇంగ్లీషు రాతకైతే కొట్టినా పర్లేదండీ. తెలుక్కి వద్దండీ” అన్నాడు.

ఇంగ్లీషు క్యాపిటల్స్‌లో ఏ, బీ, సీ ఒక్కో అక్షరం ఒక్కో ముక్క. తెలుగులో ‘ప’కీ ‘స’కీ తలకట్టు విడిగా కూర్చుంటుంది. కొన్ని ఫాంట్లలో ‘ధ’ కింది గీత కూడా విడి ముక్కే, వడ్లగింజంత. దాని వెనక జిగురు ఏపాటిది? తడిగా వేస్తే ఆ ముక్క పట్టు తెచ్చుకునేలోగా ట్రాన్స్‌ఫర్ టేపు దాన్ని ఎగరేసుకుపోతుంది. లారీ ‘దనలక్ష్మి’ అయిపోతుంది. అలాంటివి హైవే మీద చూసి ఓనరుకి అక్షరాలు రావనుకుని నవ్వేవాణ్ణి. ఆ మాట విన్నాక మానేశాను.

మే నెల ఎండలో రెండు పద్ధతులూ మొండికేస్తాయి. కాలిన రేకు మీద నీళ్లు స్క్వీజీ అందేలోపే ఆరిపోతాయి, పొడి జిగురు తాకీతాకగానే కరుస్తుంది. పొద్దున్నే వెయ్యాలి, లేదా బండిని నీడకి తోలాలి.

అయితే నేను చూసిన బుడగల్లో చాలా వాటికి నీళ్లూ కారణం కాదు, చెయ్యీ కారణం కాదు. కొత్త లారీకి పెయింటు ముగిసిన మర్నాడే స్టిక్కర్ వేయిస్తారు, ఎల్లుండి కనకదుర్గమ్మ గుడి దగ్గర పూజ ఉంటుంది కనక. పైన ఆరినట్టు కనిపించినా లోపలి ద్రావకం ఇంకా ఆవిరవుతూనే ఉంటుంది. వినైల్ దానికి మూత. పోయే దారి లేక ఆ ఆవిరి బుడగలు లేపుతుంది. ఓనరు స్టిక్కర్ వాణ్ణి తిడతాడు. లారీ కట్టించుకుంటున్న వాళ్లకి ఒక మనవి: పూజకి ముహూర్తం పెట్టించాక, పెయింటు పని దానికి కనీసం పది రోజుల ముందే ముగించమని షెడ్డులో గట్టిగా చెప్పండి.