కోలాటం కోపులు – ఇంగ్లీషు కంట్రీ డాన్స్: నిర్మాణంలో పోలిక

1. ఉపోద్ఘాతం

సామూహిక నృత్యంలో ముందుగా మన కంటికి కనిపించేది ఒక్కరి అభినయం కాదు, అందరూ కలిసి నేలమీద గీసే ఆకృతి. వలయం, వరుస, దాటు, జడ వంటి ఈ ఆకృతులను కోలాటంలో ‘కోపులు’ అంటారు. ఇంగ్లీషు కంట్రీ డాన్స్‌లో వీటికి సమానమైనవి ‘ఫిగర్లు’. కోపుకూ తాళానికీ గల సంబంధం ఏమిటో, దానిని రాసి ఉంచడం ఎందుకు అవసరమో ఈ భాగంలో తెలుసుకుందాం.

2. చారిత్రక నేపథ్యం

జాయప దివిసీమను ఏలిన అయ్య వంశానికి చెందినవాడు. కాకతీయ గణపతిదేవుడు దివిసీమను జయించిన తరువాత జాయప సోదరీమణులు నారమను, పేరమను వివాహమాడి, జాయపను తన గజసైన్యానికి అధిపతిని చేశాడు. జాయప 1253-54లో సంస్కృతంలో ‘నృత్తరత్నావళి’ రచించాడు. ఇందులోని ఎనిమిది అధ్యాయాలలో మొదటి నాలుగు మార్గ నృత్తాన్ని, తక్కిన నాలుగు దేశి నృత్తాన్ని వివరిస్తాయి. కోలలతో ఆడే దండరాసకం దేశి భాగంలో చోటుచేసుకుంది.

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తకస్థావరం ఏర్పరచుకుంది. మరో నలభై ఏళ్లకు, 1651లో, లండన్‌లో జాన్ ప్లేఫోర్డ్ ‘ది ఇంగ్లీష్ డాన్సింగ్ మాస్టర్’ ప్రచురించాడు. అందులో 105 నృత్యాలున్నాయి. ప్రతి నృత్యానికీ బాణీ స్వరలిపిని, దానితోపాటు ఫిగర్ల క్రమాన్ని ముద్రించాడు. ఈ రెండు నృత్యాలలో ఒకటి మరొకదాని నుంచి పుట్టిందని చెప్పడం లేదు. మన పోలిక నిర్మాణానికే పరిమితం.

3. ఫిగర్, బాణీ

కంట్రీ డాన్స్‌లో ఒక సాధారణ రూపం ఇలా ఉంటుంది. పురుషులు ఒక వరుసలో, స్త్రీలు మరొక వరుసలో ఎదురెదురుగా నిలుస్తారు. బాణీ సాధారణంగా రెండు భాగాలు. ఒక భాగం వాయించడం పూర్తయ్యేసరికి దానికి తగిన ఫిగర్లూ పూర్తి కావాలి. మొదటి జంట రెండో జంటతో ఆడి స్థానం మార్చుకుంటుంది, తరువాత మూడో జంటతో ఆడుతుంది. ఇలా వరుస చివరి వరకు దిగుతుంది.

4. కోపు, తాళం

కోలాటంలో ఒక సులభమైన కోపు చూద్దాం. ఎనిమిది జోడీలు రెండు వలయాలుగా నిలుస్తారు. లోపలి వలయంలోని వారు బయటికి, బయటి వారు లోపలికి తిరిగి ఉంటారు. ఎనిమిది అక్షరాల ఆదితాళంలో ఒక ఆవర్తం పూర్తయ్యేలోగా కోలలు తాకించి, బయటి వలయంవారు ఒక స్థానం జరుగుతారు. ఎనిమిది ఆవర్తాలకు, అంటే 64 అక్షరాలకు, మొదటి జోడీ మళ్లీ కలుస్తుంది.

రెండు వలయాలూ ఎదురుదిశల్లో ఒక్కొక్క స్థానం జరిగితే ఏమవుతుంది? నాలుగు ఆవర్తాలకే మొదటి జోడీ కలుస్తుంది, కాని ఎదుటి వలయంలో నలుగురినే కలుసుకోగలుగుతారు. పాట పొడవును బట్టి ఏది తగునో గురువు నిర్ణయించి, కోపు మార్పును ఈలతో సూచిస్తాడు.

జడకోపులో పైనుంచి వేలాడే తాళ్లను ఒక్కొక్కరు ఒకటి చొప్పున పట్టుకుంటారు. సగంమంది ప్రదక్షిణంగా, సగంమంది అప్రదక్షిణంగా నడుస్తూ, ఎదురైనవారిని ఒకసారి లోపలినుంచి, మరుసారి బయటినుంచి దాటితే జడ అల్లుకుంటుంది. అదే నడకను తిరగేస్తే జడ విడుతుంది. ఒక్కరు దాటు తప్పినా విప్పేటప్పుడు చిక్కు పడుతుంది.

5. రాసి ఉంచడం ఎందుకు?

కంట్రీ డాన్స్ వాడుక తగ్గిపోయినా, ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో సెసిల్ షార్ప్ ప్లేఫోర్డ్ పుస్తకం ఆధారంగా అనేక నృత్యాలను తిరిగి ఆడించగలిగాడు. జాయప రాసింది లక్షణ గ్రంథం. ఈనాడు దివిసీమలోనో, గుడివాడ పరిసరాల్లోనో ఒక గ్రామం ఆడే కోపుల వరుస అందులో దొరకదు. అది ఎక్కువగా గురువు జ్ఞాపకంలో ఉంటుంది. శిష్యులు లేకపోతే ఆయనతోనే పోతుంది. వీడియో చిత్రం ఆటను చూపుతుంది గాని, ఎవరు ఏ అక్షరానికి ఎటు జరిగారో ఎప్పుడూ స్పష్టంగా చెప్పదు. అందుకు రాత కావాలి.

అభ్యాసం

మీ గ్రామంలోని కోలాటం గురువు అనుమతితో ఒక కోపును నమోదు చేయండి. కోపు పేరు, జోడీల సంఖ్య, తాళం, ఒక్కొక్క ఆవర్తంలో కదలిక రాయండి. నిలిచే స్థానాలను పటంగా గీయండి. ఆ కోపు తెలియనివారికి మీ రాత ఇచ్చి ఆడమనండి. వారు ఎక్కడ ఆగిపోతారో అక్కడ మీ వివరణను సరిచేయండి.