కారు తలుపు: తీయు విధము

క్రొత్త కారులో కూర్చున్న అతిథి తలుపు తీయలేక తడబడినచో, అది అతని లోపము కాదు. వెనుకటి కార్లలో పిడి లాగగానే గడియ వీడెడిది. నేటి కొన్ని విద్యుత్ కార్లలో ఆ పని మీట చేయును.

టెస్లా మోడల్ వై కారునే చూడుడు. వెలుపలి పిడి తలుపులో ఇమిడియుండును. దాని వెడల్పైన కొనను బొటనవ్రేలితో నొక్కినచో రెండవ కొన వెలికి వచ్చును. దానిని పట్టి లాగవలెను. లోపలి పిడిపై చిన్న మీట కలదు. నొక్కగానే అద్దము కొంచెము దిగి తలుపు తెరచుకొనును.

ముందు తలుపులకు, అద్దముల మీటలకు ముందుగా, చేతితో లాగు పిడి మరియొకటి కలదు. పాత అలవాటు చొప్పున చేయి దానిపైకే పోవును. కాని అది విద్యుత్తు లేనివేళకు ఉద్దేశింపబడినది.

వెనుక తలుపులకు అన్ని కార్లలోను అట్టి ఏర్పాటు లేదు. ఉన్నచోటను అది తలుపు అర అడుగున, పరచిన పట్టా క్రింద, మూత చాటున ఉండును. ప్రమాదమున విద్యుత్తు పోయినచో, తెలియనివాడు దానిని ఎట్లు వెదకగలడు?

కావున బండి కదలక పూర్వమే యజమాని ఈ రెండు మార్గములను చూపి, పిల్లలచేతను వృద్ధులచేతను మీటను ఒకమారు నొక్కింపవలెను. ఇందుకు నిమిషమైనను పట్టదు.